కొత్తపేట కోడలు శారద: ఒక నవల, ఒక చిన్న సినిమా



అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’ నవల చదివినవాళ్లు మన కోనసీమలో ఇప్పటికీ చాలామందే ఉన్నారు. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’తో కలిసి బహుమతి పంచుకున్న నవల ఇది. అందులో నారాయణరావుది మన కొత్తపేటే. పొలాలూ, పాడీ, ఇంటినిండా మనుషులూ ఉన్న సంసారం. రైలు ప్రయాణంలో ఆ కుర్రవాణ్ణి చూసి ముచ్చటపడిన జమీందారు తన కూతురు శారదను అతనికిచ్చి పెళ్లి చేస్తాడు. మేడలో పెరిగిన పిల్ల కొత్తపేట కోడలవుతుంది. తాళి కట్టడం ఒక్క పూటలో అయిపోతుంది గానీ, ఆ అమ్మాయి మనసు భర్త వైపు తిరగడానికి ఏళ్లు పడుతుంది. ఎన్ని దారులు తిరిగినా ఆ కథ చివరికి అక్కడికే వస్తుంది.

ఈ నవలను సినిమాగా తీయాలంటే ఎలా తీయాలి? పెద్ద సంస్థ అండ లేకుండా, పేరున్న తారలు లేకుండా, ఓ పదిమంది కలిసి కొద్దిపాటి డబ్బుతో తీసే సినిమా సంగతి నేనడిగేది. ఈవేళ మీతో ఈ ప్రశ్న గురించే మాట్లాడతాను.

రాసిన రోజున ఇది సాంఘిక నవల. బాపిరాజు గారు తన చుట్టూ ఉన్న కాలాన్నే రాశారు. తొంభై ఏళ్లు గడిచాక మనకది చరిత్ర అయింది. ఆ మాటకొస్తే ఆయన అచ్చమైన చారిత్రక నవలలూ రాశారు. శాతవాహనుల కాలంలో ‘హిమబిందు’ ఉంది, కాకతీయుల కాలంలో ‘గోన గన్నారెడ్డి’ ఉంది. వాటిని తెరకెక్కించాలంటే కోటలు కట్టాలి, గుర్రాలు తోలాలి, వందలమందికి కవచాలు తొడగాలి. అంత ఖర్చు చిన్న నిర్మాత తాహతుకు మించిన పని. ‘నారాయణరావు’కి ఒక మండువా ఇల్లు కావాలి, ఒక కాలువ కావాలి, నలుగురు మంచి నటులు కావాలి. అవి మనకున్నాయి.

చారిత్రక నవలను తెరకు ఎక్కించడంలో మనవాళ్ల అనుభవం ఏమిటో ముందు చూద్దాం. విశ్వనాథ వారి ‘ఏకవీర’ 1969లో సినిమాగా వచ్చింది. సి.ఎస్.రావు గారు దర్శకులు. ‘దేవదాసు’ తీసిన డి.ఎల్.నారాయణ గారు నిర్మాతల్లో ఒకరు. సి.నారాయణరెడ్డి గారు మాటలు రాశారు. ఎన్.టి.రామారావు, కాంతారావు, కె.ఆర్.విజయ, జమున నటించారు. మధుర నాయకరాజుల కాలం నాటి కథ. అయినా ఆ నవలకు రాజ్యాలతో పని తక్కువ. ఇద్దరు స్నేహితులు, ఇద్దరు స్త్రీలు. మనసిచ్చింది ఒకరికి, మెడలో తాళి పడింది మరొకరి చేత. కథంతా నాలుగు గుండెల లోపలే జరుగుతుంది. ఆ సినిమా పాటలు ఈనాటికీ రేడియోలో వింటున్నాం, వాటి అందానికి వంక పెట్టలేం. కానీ నవల చదివి సినిమా చూసినవాడికి ఒక లోటు తెలుస్తుంది. నవలలో మనుషులు నోరు విప్పకుండా నలిగిపోతారు. సినిమాలో సెట్టింగులూ, పాటలూ, పెద్ద తారల హోదా ఆ మౌనానికి చోటు మిగల్చలేదు. డబ్బు ఉండటం కూడా ఒక్కోసారి నవలకు అడ్డు వస్తుందని నేననుకుంటాను.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి ‘మాభూమి’ది. ఈ సినిమా దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నవలను చిన్న సినిమాగా మలచడం నేర్చుకోవాలనుకునే తెలుగువాడికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

తెలంగాణ రైతాంగ పోరాటం మీద కిషన్ చందర్ గారు ఉర్దూలో ‘జబ్ ఖేత్ జాగే’ అనే నవల రాశారు. దాని ఆధారంగా బి.నరసింగరావు, జి.రవీంద్రనాథ్ గార్లు నిర్మాతలుగా, బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్ అనే యువకుడు దర్శకుడిగా ‘మాభూమి’ తయారైంది. గౌతమ్ ఘోష్‌కి అదే మొదటి కథాచిత్రం. 1980లో విడుదలైంది. కథానాయకుడు రామయ్యగా వేసిన సాయిచంద్, రచయిత త్రిపురనేని గోపీచంద్ గారి అబ్బాయి. సంగీతం చూసినవారిలో మన గోదావరి జిల్లాల ఆడపడుచు వింజమూరి సీతాదేవి గారున్నారు. పేరు మోసిన తార ఒక్కరూ లేరు. అయినా ఉదయం ఆటలుగా నెలల తరబడి ఆడింది.

వాళ్లు నవలను ఏం చేశారో చూడండి. నవలలో రాఘవరావు అనే యువకుడు జైల్లో ఉంటాడు. తెల్లవారితే ఉరి. ఆ ఒక్క రాత్రి తన బతుకంతా తలచుకుంటాడు. కాగితం మీద అది గొప్ప పద్ధతి. చదివేవాడు ఆ కుర్రవాడి తలలోకి వెళ్లి కూర్చుంటాడు. సినిమావాళ్లు ఆ జైలు గదిని వదిలేశారు. రాఘవరావు తెర మీద రామయ్య అయ్యాడు. కథ పల్లెలో మొదలై వరసగా నడుస్తుంది. వెట్టి చేసే ఇల్లు, లంబాడీ పిల్ల చంద్రి మీద ప్రేమ, దొర దౌర్జన్యం, ఊరు విడిచి హైదరాబాదు చేరడం, అక్కడ రిక్షా లాగడం, కార్మికుల మధ్య చదువూ రాజకీయమూ నేర్చుకోవడం, తిరిగి ఊరికి రావడం, సంఘం, పోరాటం. 1948 సెప్టెంబరులో సైన్యం వస్తుంది, నిజాం రాజ్యం పోతుంది, దొరలు మాత్రం మళ్లీ ఊళ్లోకి వస్తారు. రామయ్య తుపాకీ గుళ్లకు నేల కూలుతాడు.

ఈ మార్పు వల్ల కథ ఒక్క మనిషి తలలోంచి బయటికొచ్చి ఊరంతటిదీ అయింది. జైలు గదిలో ఒక నటుడు మూలుగుతూ కూర్చుంటే, మిగతా ఊరంతా అతని జ్ఞాపకంలో నీడలా మిగిలేది. వరసగా చెప్పడం వల్ల తెలంగాణ పల్లెల్లోని అసలు గోడలూ, అసలు గడీలూ, అసలు మొహాలూ తెరకెక్కాయి. సుద్దాల హనుమంతు గారు పశువులు కాసే పసివాడి మీద కట్టిన పాటనూ, బండి యాదగిరి గారు కట్టిన పోరాటపు పాటనూ వాడుకున్నారు. యాదగిరి గారి పాటను తెర మీద గద్దర్ గారే పాడారు. పోరాటంలో పుట్టిన పాటలు ఆ పోరాటం గురించిన సినిమాలోకి వచ్చాయి. నవలలో లేని సాక్ష్యాన్ని సినిమా అలా సంపాదించుకుంది. అన్నిటికీ మించి తెలంగాణ పల్లె మాటను నవ్వులాటకు వాడకుండా, బాధకూ కోపానికీ ప్రేమకూ వాడారు.

నరసింగరావు గారే తరవాత దర్శకుడిగా ‘దాసి’ తీశారు, 1988లో. అది నవల ఆధారం కాదు, కానీ మన పనికి మరీ దగ్గరిది. 1920ల నాటి కథ, దాదాపు ఒకే గడీలో నడుస్తుంది. దాసిగా వేసిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. కళాదర్శకత్వానికి వచ్చిన జాతీయ బహుమతి చిత్రకారుడు తోట వైకుంఠం గారిది. ఒక భవనం, ఒక స్త్రీ, ఒక చిత్రకారుడి కన్ను. అరవై ఏళ్ల నాటి కాలాన్ని అంతటితోనే నిలబెట్టారు. మన బాపిరాజు గారూ చిత్రకారులే. రాజమండ్రి కళాశాలలో కూల్డ్రే దొర శిష్యులు, దామెర్ల రామారావు గారి సహచరులు. సినిమాలకు కళాదర్శకత్వమూ చేశారు. ఆయన నవలలో చీర రంగు, దీపపు వెలుగు, వీణ పట్టుకున్న చెయ్యి అన్నీ చూసి రాసినట్టుంటాయి. తెరకు ఎక్కించేవాడికి అది పెద్ద సాయం.

ఇక మన నవల దగ్గరికొద్దాం. నా మాట ఒక్కటే. నవల నారాయణరావుది, సినిమా శారదది కావాలి.

ఎందుకంటారా? నవలలో నారాయణరావు గుణవంతుడు, అందగాడు, సంగీతజ్ఞుడు, దేశభక్తుడు, స్నేహశీలి. చదువుతున్నంతసేపూ అతన్ని ఇష్టపడతాం. కానీ తెర మీద రెండు గంటలసేపు ఒక మంచివాడు మంచివాడిగానే ఉంటే కథ కదలదు. మారేది శారద. మేడ నుంచి మండువా ఇంటికి వచ్చిన పిల్ల, పుట్టింట్లో ఈ సంబంధం గురించి చిన్నచూపు మాటలు విని ఉన్న పిల్ల. తన పక్కన కూర్చున్న ఈ మనిషి ఎవరో తెలుసుకోవడానికి ఆమెకు పట్టిన కాలమే సినిమా. మద్రాసు జీవితం, స్నేహితుల కథలు, దేశాటన, చర్చలు, ఇవన్నీ నవలకు నిండుదనం ఇచ్చినవే. సినిమాలో మాత్రం శారద చూడగలిగినంత మేరకే అవి ఉండాలి. భర్త ఉత్తరం రాస్తే ఆ ఉత్తరం, స్నేహితులు ఇంటికొస్తే తలుపు చాటు నుంచి వినబడే నవ్వు. అంతే. బాపిరాజు గారిని ప్రాణంగా చూసుకునే పాఠకులకు ఇది కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. ఏ పేజీ కోసినా నొప్పే. కానీ అన్ని పేజీలూ తెర మీదికి తెస్తే శారద వాటి కింద పడి కనబడకుండా పోతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయడానికి వీల్లేదు. శారద పెళ్లినాటికి చిన్నపిల్ల. ఆ రోజుల్లో అది మామూలు. 1929లో బాల్యవివాహ నిరోధక చట్టం చేసి, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలుచేసినప్పుడు కూడా ఆడపిల్లకు పెట్టిన కనీస వయసు 14 ఏళ్లే. కొందరు సలహా చెప్తారు, అమ్మాయి వయసు పెంచేయండి, గొడవ ఉండదు అని. నాకది ఇష్టం లేదు. వయసు పెంచితే శారద ముభావం ఒక జమీందారీ పిల్ల పొగరుగా కనిపిస్తుంది. వయసు ఉన్నది ఉన్నట్టు చెబితే, పెద్దవాళ్లందరూ ఆనందంగా చేసేసిన పెళ్లిలో ఒక చిన్నపిల్ల ఎదగడానికి అడిగిన గడువుగా కనిపిస్తుంది. నవలలోని ప్రేమకథను ఈనాటి కళ్లతో చూస్తే నాకు తోచే అర్థం ఇదే. పెళ్లి భాగాన్ని చిన్న అమ్మాయితో, చాలా తక్కువ దృశ్యాల్లో, అత్తింటివాళ్లూ పుట్టింటివాళ్లూ ఉన్నచోట మాత్రమే తీయాలి. మిగతా సినిమాకు పెద్ద నటి రావాలి. ఈ జాగ్రత్త తీసుకోవలసినదే.

ఒక్క దృశ్యం చెబుతాను. లొల్ల లాకులు మీలో చాలామంది చూసే ఉంటారు, సినిమా షూటింగులకు పేరుపడ్డ చోటు. పాటల్లో లాకుల మీద నిలబడి డాన్సు చేయడం చూశాం. కానీ లాకు అసలు పని ఎన్ని సినిమాల్లో చూశాం? ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక, మధ్య డెల్టా కాలువలు పొలాలకు నీళ్లివ్వడమే కాదు, పడవల దారులూ అయ్యాయి. ధాన్యమూ కొబ్బరీ కాలువల మీదే పోయేవి, పెళ్లివారూ అలాగే పోయేవారు. శారద అత్తవారింటికి మోటారులో కాకుండా పడవలో వస్తోందనుకుందాం. పడవ లాకులోకి వస్తుంది. వెనక తలుపులు మూసుకుంటాయి. ముందు తలుపులు ఇంకా తెరుచుకోలేదు. తూముల్లోంచి నీళ్లు కిందికి జారుతుంటే పడవ మెల్లగా దిగుతుంది. రెండు పక్కలా రాతిగోడ లేస్తున్నట్టు ఉంటుంది. గోడ మీద నాచు, తడి, ఇందాకటి నీటి గీత. పడవలో పెద్దవాళ్లు పొలాల గురించీ, వచ్చే ఏకాదశి గురించీ మాట్లాడుకుంటుంటారు. శారదకు గోడ తప్ప ఇంకేమీ కనబడదు. నీళ్లు సమమయ్యేదాకా ఎవరూ ఎక్కడికీ పోలేరు. కెమెరా కదపక్కర్లేదు, సంగీతమూ అక్కర్లేదు, నీళ్ల చప్పుడు చాలు. నవలలో పది పేజీల్లో చెప్పిన ఆ పిల్ల స్థితిని ఆ కాసేపట్లో చూపించవచ్చు. ఖర్చల్లా ఒక పడవది, దాన్ని నడిపే సరంగుది.

ఆ దృశ్యంలోనే గట్టు మీద ఇంకో ఇద్దరున్నారు. గాలి లేనప్పుడు తాడు భుజాన వేసుకుని గట్టు వెంట నడుస్తూ పడవ లాగేవాళ్లు. లాకులో నీళ్లు దిగే దాకా వాళ్లు కూర్చుని ఊపిరి పీల్చుకుంటారు. వాళ్లను కూడా కెమెరా చూడాలి. ‘నారాయణరావు’ నవల చూపు ముఖ్యంగా పెద్దింటి లోపలి నుంచి సాగుతుంది. ఆ ఇంటి ధాన్యం ఎవరి చేతుల మీదుగా గాదెకెక్కిందో, ఆ పొలాల్లో ఎవరు వంగి నాట్లు వేశారో, ఏ పేటలవాళ్లు ఆ ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోవలసి వచ్చిందో ఈనాటి ప్రేక్షకుడు అడుగుతాడు. అడగాలి కూడా. ‘మాభూమి’ చేసిన పని ఇదే కదా, కథను పోరాడినవాళ్ల వైపు నుంచి చూపించింది. శారద బయటినుంచి వచ్చిన పిల్ల కాబట్టి, ఇంట్లోవాళ్లు అలవాటుపడి చూడటం మానేసినవి ఆమె చూడగలదు. అదీ ఆమెను కథకు మధ్యలో పెట్టమనడానికి మరో కారణం.

భాష గురించి రెండు ముక్కలు. మన గోదావరి మాట తెలుగు సినిమాలో చాలాకాలంగా నవ్వించడానికే వాడుతున్నారు. ‘ఆయ్’ అనగానే హాలు గొల్లుమంటుంది. ఈ మాటతోనే మనవాళ్లు శవం దగ్గర ఏడ్చారు, కోర్టులో సాక్ష్యం చెప్పారు, జైలుకెళ్లే కొడుక్కి జాగ్రత్తలు చెప్పారు. ఒక మామగారు కొత్త కోడలితో అదే మాటతో నెమ్మదిగా మాట్లాడితే ఎలా ఉంటుందో తెర మీద వినాలని నాకెంతో కోరిక. రచయితలు నవలలో సంభాషణలు ఎత్తి రాసుకోకుండా, అప్పటి ఇళ్లలో పెరిగిన ముసలివాళ్ల దగ్గర కూర్చుని వినాలి. ఒకే ఇంట్లో మామగారి మాట వేరు, వంటామె మాట వేరు, పాలేరు మాట వేరు.

నటులు ఎక్కడ దొరుకుతారంటే, ఇక్కడే. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ విశాఖలోని ఆ పేట మనుషులతోనే తీశారు. కోనసీమలో నాటకం ఆడని ఊరు అరుదు. పద్యనాటకం గొంతును కెమెరా ముందు తగ్గించుకోవడం నేర్పాలి, అంతే. ఇక కొత్తపేట విగ్రహాల తయారీకి పేరుపడ్డ ఊరు. మట్టితో మనిషి పోలిక పట్టేసి, అచ్చు తీసి, ఫైబరులోనో కంచులోనో పోతపోసే పనివాళ్లున్న ఊళ్లో, 1920ల నాటి తలుపు చెక్కడమూ, దీపపు స్తంభమూ, పల్లకీ కొమ్మూ చేయించడానికి హైదరాబాదు పరిగెత్తక్కర్లేదు.

మన సంక్రాంతి ప్రభల గురించి కూడా ఒక మాట. ఇక్కడ ఏ సినిమా తీసినా ప్రభలు పెట్టాలనిపిస్తుంది. చూడముచ్చటగా ఉంటాయి మరి. శారద ఆ ఇంట్లో మొదటి సంక్రాంతి చూస్తూ, భర్త ఆ జనంలో కలిసిపోయి భుజం పట్టడం గమనిస్తే, ప్రభ సినిమాలో ఉండాలి. అందం కోసమే అయితే వద్దు. కొబ్బరితోటలకీ, గోదావరి రేవులకీ ఇదే లెక్క. కోనసీమను వెనక తెరగా వాడుకున్న సినిమాలు కోకొల్లలు. కోనసీమ మనిషి గతాన్ని ముందుకు తెచ్చినవి బహు తక్కువ.

హక్కుల విషయం అడిగేవాళ్లుంటారు. మన దేశ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లపాటు కాపీహక్కు ఉంటుంది. బాపిరాజు గారు 1952లో కాలం చేశారు. అంటే 2012 చివరితో ఆ గడువు ముగిసింది. 1976లో పోయిన విశ్వనాథ వారి నవలలకైతే 2036 చివరిదాకా ఆగాలి, లేదా వారసుల అనుమతి తీసుకోవాలి. ‘నారాయణరావు’ను ఇవాళ ఎవరైనా తెరకు రాసుకోవచ్చు. అంత స్వేచ్ఛ ఉన్నప్పుడు బాధ్యతా అంతే ఉంటుంది. ఒక నవలను ఇద్దరు ముగ్గురు రకరకాలుగా తీసినా నాకు సంతోషమే. నారాయణరావు వైపు నుంచి తీస్తామనేవాళ్లు తీయవచ్చు. నేను శారద పక్షం.

చివరగా మీ అందరికీ ఒక విన్నపం. ఇలాంటి సినిమాకు డబ్బు కంటే ముందు కావలసినవి ఆధారాలు. 1920లు, 30ల నాటి పెళ్లి ఫోటోలు మీ ఇళ్లలో అటక మీద ఉండవచ్చు. పడవ బాడుగల లెక్కలు, ధాన్యం పద్దులు, అమ్మమ్మలు రాసిన ఉత్తరాలు, పాత ఇంటి పటాలు ఉండవచ్చు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునేటప్పుడు అవన్నీ పాతసామాన్లవాడి బండిలోకి పోతున్నాయి. దయచేసి పారేయకండి. వెనకవైపు ఎవరి పేరు, ఏ ఊరు, ఏ ఏడు అన్నది పెన్సిలుతో రాసి పెట్టండి. ఫోనుతో బొమ్మ తీసి పిల్లలకు పంపండి. ఊరి గ్రంథాలయంలో ఒక నకలు ఇవ్వండి. శారద ఏ చీర కట్టుకుందో, ఆ ఇంట్లో దీపం ఏ గూట్లో పెట్టేవారో, పాలేరు భుజాన ఏ తువ్వాలు ఉండేదో చెప్పగలిగినవి అవే. సినిమా తీసే కుర్రవాళ్లు మీ గుమ్మం ఎక్కి అడిగితే, కాసేపు కూర్చోబెట్టి చూపించండి.